చౌమహల్లాలో ఒక ఫొటో ముందు

శుక్రవారం హైదరాబాద్‌లోని నిజాముల చౌమహల్లా ప్యాలెస్‌కు సెలవని కనుక్కోకుండా రాజమహేంద్రవరం నుంచి రైలెక్కడం అచ్చంగా నా నిర్వాకం. సాలార్‌జంగ్ మ్యూజియానికీ ఆ రోజే సెలవు. చేసేది లేక చార్మినార్ చుట్టూ తిరిగి, ఫోనులో నలభై ఫొటోలు తీసి నాంపల్లిలోని లాడ్జికి చేరాను. గది శుభ్రమే కానీ, వేడినీళ్లు అడిగిన గంటకు గోరువెచ్చగా వచ్చాయి. అయినా మెట్రో స్టేషను నడక దూరంలో ఉంది కనుక మళ్లీ అక్కడే దిగుతాను. అక్కడి నుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) వరకు మెట్రో, ఆపైన ప్యాలెస్‌కు ఆటో.

శనివారం మా అన్నయ్య కూతురు తోడు వచ్చింది. ఇక్కడే చిత్రకళ చదువుతోంది. బొమ్మ గీయాలంటే చేయి తిరగాలి, ఫొటోకు మీట నొక్కితే చాలు కదా అని నేను ఎప్పుడూ దాన్ని ఏడిపిస్తుంటాను. ఆ రోజు అది వాదించలేదు. దర్బారు హాలులో షాండ్లియర్ల కింద మెడ నొప్పెట్టేదాకా నన్ను చూడనిచ్చి, తర్వాత పాత ఫొటోల దగ్గరకు తీసుకెళ్లింది.

ఒక బృంద చిత్రం ముందు ఆపి, "బాబాయ్, ఎడమవైపు మనుషులను అరచేత్తో మూసి చూడండి" అంది. అద్దానికి తగలకుండా చేయి అడ్డం పెట్టాను. కుడివైపంతా ఒరిగిపోయినట్టు కనిపించింది. చేయి తీస్తే మళ్లీ తూకం కుదిరింది. అంచున నిలబడ్డ నౌకరు చేయి మాత్రం మసక. మిగతావాళ్లందరూ ఊపిరి బిగబట్టిన క్షణంలో అతను కదిలాడన్నమాట. ఫిల్ముకు బదులు గాజు పలక మీద ఫొటోలు తీసే రోజుల్లో ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో, వెలుగు ఎటునుంచి రావాలో ముందే మనసులో గీసుకోవాలని అప్పుడు తట్టింది.

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ (1844–1905) కథ దారిలో అదే చెప్పింది. రూర్కీలో ఇంజనీరింగు చదివిన మనిషి. కట్టడాల ఫొటోల్లో గీతలు అంత తిన్నగా ఉండటానికి ఆ చదువూ కారణమేనని నా అనుమానం. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో జనానా స్టూడియో తెరిచి, ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. నిజాం ఆయనకు ఇచ్చిన బిరుదు 'ముసవ్విర్ జంగ్'. ముసవ్విర్ అంటే చిత్రకారుడట! నా వాదనను నిజాం ఎప్పుడో కొట్టిపారేశాడు.

పాత కార్లను, 1912 నాటి రోల్స్ రాయిస్‌తో సహా, పది నిమిషాల్లో ముగించాం. సమయం తక్కువైతే మీరూ అదే చేయండి. ఫొటోలకు మాత్రం గంటైనా ఉంచుకోండి.

సాయంత్రం లాడ్ బజారులో అమ్మాయి నా వైపు ఫోను పెట్టింది. కొయ్యలా నిలబడ్డాను.

"ఊపిరి పీల్చుకోండి బాబాయ్, ఇది గాజు పలక కాదు."