పండగ ఇల్లు: కొని దాచుకునేవా, ఆ పూటకి చేసుకునేవా, ఏది మేలు?

ఒడిశా గజపతి జిల్లాలో ఉన్న మా పర్లాకిమిడిలో పండగ ఒక్క రోజుతో పోదు. పక్కింటి ఒడియా వాళ్లకి కార్తీక పున్నమి మర్నాడే మార్గశిరం వచ్చేస్తుంది, వాళ్ల నెలలు పున్నమి నుంచి లెక్క. మనకి అమావాస్య దాటాలి, అంటే ఇంకో పదిహేను రోజులు. ఆ నెల గురువారాల్లో చేసే లక్ష్మీ పూజని వాళ్లు మాణబసా గురుబారం అంటారు, గురువారాన్ని మనం లక్ష్మివారం అంటాం. గోడ కలిసిన ఇళ్లు కాబట్టి, వాళ్లు మొదలుపెట్టిన వారమే మేమూ గుమ్మం కడిగేస్తాం. ఆ తర్వాత ధనుర్మాసం ముగ్గులు, ఆపైన పెద్ద పండగ. ఏడాదిని బట్టి నెలన్నర నుంచి రెండు నెలల పైచిలుకు ఇల్లు కళగా ఉండాలి.

మొన్న మా పిన్ని కూతురు కొత్త కాపురం పెట్టింది. రెండు గదుల అద్దిల్లు. "అక్కా, ఒక్కసారి డబ్బు పెట్టి ప్లాస్టిక్ పూలదండలు, ముగ్గు స్టిక్కర్లు, లైట్లు కొనేస్తే ఇక ఏటా ఖర్చుండదు కదా?" అని అడిగింది. వినడానికి బాగానే ఉంది. కానీ రెండు గదుల ఇంట్లో ఒక పెట్టె పెట్టే జాగాకి కూడా మనం నెల నెలా అద్దె కడుతున్నాం. పండగ పది నెలలు పడుకుని రెండు నెలలు లేస్తుంది. ఆ పది నెలలూ ఈ వస్తువు ఎక్కడుంటుంది అన్నది చూడకుండా చౌకో ప్రియమో చెప్పలేం. నేను ఒక్కో వస్తువునీ ఈ లెక్కతోనే చూస్తాను.

ముందు గుమ్మం. ప్లాస్టిక్ బంతిపూల దండ నేనూ ఒకసారి కొన్నాను. మొదటి ఏడు చూడముచ్చటగా ఉంది. రెండో ఏడు అటక మీంచి దించితే ఎండ తగిలిన వైపు పసుపు రంగు వెలిసిపోయి, రేకల సందుల్లో దుమ్ము నూనెజిడ్డుతో కలిసి గట్టిపడింది, ఒక పువ్వు లోపల బల్లి గుడ్లు. సబ్బునీళ్లలో నానబెట్టి, ఒక్కో పువ్వూ పిండి, ఆరబెట్టేసరికి ఒక పూట పోయింది. మూడో ఏడు తీగ పెళుసెక్కి విరిగింది. ఇప్పుడది ఎరువూ అవదు, ఆవు తినదు, భోగి మంటలో వేస్తే పిల్లలు పీల్చే పొగ అవుతుంది.

పచ్చి మామిడాకులు, బంతిపూలు అయితే లక్ష్మివారం కడితే వచ్చే బుధవారానికి వాడిపోయి ఉంటాయి. తీసి మొక్కల మొదట్లో వేస్తే సరి, దాచే బాధ లేదు. ప్రతి వారం పూలు కొనడమే బరువు. అది కూడా తగ్గించుకోవచ్చు. దసరాకి కట్టిన దండని పారేయకుండా నీడలో ఎండబెట్టండి. పువ్వు విప్పితే రేక అడుగున సన్నటి నల్ల గింజ, దాని కొసన తెల్లటి కుచ్చు కనిపిస్తుంది. దసరా వెళ్లిన వారంలో చల్లితే పెద్ద పండగ నాటికి పూస్తుంది. పూర్తిగా ముదరని పువ్వులవి మొలవవు, బజారు సంకర రకాల పిల్ల మొక్కలకి పువ్వు చిన్నదవచ్చు, అందుకని గుప్పెడు ఎక్కువే చల్లుతాను. నాలుగు పగిలిన బకెట్లలో పెంచినవే మా గుమ్మానికి సరిపోతున్నాయి.

ఈ రెండింటికన్నా నాకు నచ్చేది వరి కుచ్చు. మార్గశిరం అంటే ఇక్కడ కోతల కాలం, పొలం ఉన్న వాళ్లని అడిగితే రెండు పిడికిళ్ల కంకులు ఇస్తారు. మరీ పండితే గింజ రాలుతుంది, కాస్త పచ్చిదనం ఉండగానే తెచ్చుకోవాలి. గడ్డి పెళుసుగా ఉంటే నీళ్లు చిలకరించి, తడిగుడ్డలో కాసేపు చుట్టిపెట్టి మెత్తబడ్డాక జడలా అల్లాలి. సీజనంతా అదే ఉంటుంది, పిచ్చుకలు వస్తాయి. పండగ అయ్యాక మిగిలింది పక్షులకి, గడ్డి ఆవుకి. ఒక్క జాగ్రత్త, చూరుకే వేలాడదీయండి, గదిలో కడితే ఎలుకలు వస్తాయి.

తర్వాత ముగ్గు. ఇక్కడ మూడు దార్లున్నాయి: బియ్యప్పిండి తడిపిన పిఠౌ, మామూలు ముగ్గుపిండి, స్టిక్కరు.

పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) ఝోటి, అంటే పిఠౌతో వేసే ముగ్గు, వేస్తుంటే నేను పక్కన కూర్చుంటాను. గుప్పెడు పచ్చి బియ్యం పొద్దున నానబెట్టి, సాయంత్రం మెత్తగా రుబ్బి, మజ్జిగ కన్నా కొంచెం చిక్కగా నీళ్లు కలుపుతుంది. నేలకి వేలు, గోడకి గుడ్డపీలిక. ఎర్ర గచ్చు మీద వేలు లాగినప్పుడు గీత సరిగా కనిపించదు, నీళ్లు ఒలికినట్టు ఉంటుంది. మొదటిసారి నేను "మావుసీ, పలచనైపోయింది, ఇంకొంచెం పిండి కలపనా?" అన్నాను. "ఉండమ్మా, ఆరనీ" అంది. పావుగంటకి చూస్తే తామరపువ్వు, వరి కంకి, లోపలికి నడిచి వస్తున్న లక్ష్మి పాదాలు పాలలాగా తెల్లగా తేలి వచ్చాయి. ఆ తెలుపు ముగ్గుపిండితో రాదు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, మరక ఉండదు. మిగిలిన పిండి రాత్రే అట్లు వేసేస్తాం, మర్నాటికి పులుస్తుంది. చీమలు వస్తాయి నిజమే. పెద్దవాళ్లు వాటికి పెట్టడానికే బియ్యప్పిండి అంటారు, నాకూ ఆ మాట ఇష్టం.

వాకిట్లో మాత్రం పిఠౌ పనికిరాదు. తెల్లారి మంచుకి ఆరదు, నాలుగు సైకిళ్లు తొక్కితే చెదిరిపోతుంది. ధనుర్మాసంలో రోజూ వేసే ముగ్గుకి బియ్యం వాడటం కూడా దండగ. అక్కడ ముగ్గుపిండే సరి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ముగ్గు గొట్టం తెచ్చుకోండి, నిలబడి లాగేయొచ్చు, మా అత్తగారు అలాగే వేస్తున్నారు.

స్టిక్కరు గురించి ఎక్కువ చెప్పను. అద్దిల్లయితే అసలు వద్దు. జిగురు మరక మీద దుమ్ము పట్టి నల్లటి పద్మం మిగిలిపోతుంది, ఖాళీ చేసే రోజున ఇంటివాళ్లతో మాట పడాలి.

సవర బొమ్మల స్టిక్కర్లూ ఈ మధ్య చూస్తున్నాను. ఇటు గజపతి, రాయగడ జిల్లాల్లోనూ, అటు ఆంధ్ర మన్యంలోనూ ఉండే సవరలు వాటిని ఇంటి లోపల, ఎర్రమట్టి పూసిన గోడ మీద, బియ్యప్పిండి తెలుపుతో, వెదురుపుల్ల కొసతో గీస్తారు. ఇడితాల్ అంటారు. దేవతలకీ, చనిపోయిన పెద్దలకీ గీసే బొమ్మలవి. మనకి నచ్చితే ఆ చేతితో గీసినవాళ్ల దగ్గరే గుడ్డ మీద వేసింది ఒకటి కొనుక్కుందాం. చుడితే బెత్తెడు జాగా, ఎన్నేళ్లయినా దాచుకోవచ్చు.

దీపాల దగ్గర నా లెక్క తిరగబడుతుంది, ఇక్కడ కొని దాచుకోవడమే మేలు. రోజూ ఇరవై ప్రమిదలు పెడితే, ఒక్కోదానికి 15 మిల్లీలీటర్ల నూనె వేసుకున్నా సాయంత్రానికి 300 మిల్లీలీటర్లు. మూడు రోజులకి లీటరు దగ్గర పడింది. అదే 5 వాట్ల ఎల్‌ఈడీ సెట్టు రోజుకి ఐదు గంటల చొప్పున రెండు నెలలు వెలిగిస్తే మొత్తం ఒకటిన్నర యూనిట్ల కరెంటు. పాత రకం బల్బుల సెట్లు ఇంతకి ఎన్నో రెట్లు తాగుతాయి, ముట్టుకుంటే వేడిగానూ ఉంటాయి. అవి ఇంకా వాడుతుంటే మార్చేయండి. ప్రమిదలు లక్ష్మివారాలకి, భోగికి ఉంచుకుంటే చాలు. కొత్త ప్రమిదలు రెండు మూడు గంటలు నీళ్లలో నానబెట్టి ఆరనిస్తే నూనె తక్కువ తాగుతాయి. వాడినవి వేడినీళ్లలో కడిగి ఎండలో పెడితే మళ్లీ ఏడాదికి పనికొస్తాయి.

లైట్ల సెట్టు పాడయ్యేది దాచడంలోనే. ఉండ చుట్టి సంచిలో కుక్కితే మర్నాడే చిక్కు. అట్టపెట్టె ముక్కకి రెండు పక్కలా చిన్న గంట్లు పెట్టి, ప్లగ్గు చివర ముందు దోపి, ఆ గంట్ల మీదుగా చుట్టుకుంటూ పోండి. చుట్టే ముందు ఒకసారి వెలిగించి చూడండి, వెలగనిది దాచి లాభం లేదు.

ఇక ఎందులో దాచాలి? రేకు పెట్టెకి ఎలుక పన్ను దిగదు, కానీ వానాకాలం తేమకి అడుగు తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ డబ్బాకి తుప్పు లేదు, లోపలేముందో కనిపిస్తుంది, అయితే ఎలుక మూల కొరికేస్తుంది. పాత చీర మూటకి ఖర్చు లేదు, ఏ సందులోనైనా ఇముడుతుంది, నీళ్లు తగిలితే మాత్రం అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా వెళ్లింది. దసరాకి ఇంకా వారం. మా వసారా రేకులు లేచిపోయి, మంచం కిందున్న రెండు మూటలూ తడిసి ముద్దయ్యాయి. మా అమ్మ ఇచ్చిన బొమ్మల కొలువు గుడ్డలు, కాగితం పూలు, అంతా బూజు. రేకు పెట్టెలోది సగం దక్కింది. ఆ ఏడాది నుంచి నేల మీద ఏదీ పెట్టను. బొమ్మలు, గుడ్డలు రేకు పెట్టెలో, అడుగున మందంగా కాగితం, ఎండిన వేపాకు. లైట్లు, ప్రమిదలు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో. రెండూ అటక మీదే. ఆ డబ్బాలో పట్టనిది ఇంట్లోకి రాదు అన్నది ఇంట్లో అందరికీ తెలుసు.

సర్దడం ఎప్పుడు? భోగికి ముందు రెండు రోజులు కొంగు బిగించి ఇల్లంతా ఒకేసారి దులపడం మా వైపు అలవాటు. ఒడియా ఇళ్లలో ప్రతి గురుబారానికి ముందు బుధవారమే కడిగి అలికేస్తారు, శుభ్రంగా ఉన్న ఇంటికే లక్ష్మి వస్తుందని. నేను రెండూ చేసి చూశాను. ఒకేసారి చేస్తే పిండివంటలూ దులపడమూ ఒకే రోజున పడి నడుం విరుగుతుంది, పైగా అలసటలో "తర్వాత చూద్దాం" అని పనికిరానివన్నీ మళ్లీ అటకెక్కుతాయి. బుధవారానికో మూల పెట్టుకుంటే అలా అవదు. ఒక వారం వంటింటి డబ్బాలు, ఒక వారం దేవుడి గూడు, ఒక వారం బీరువా, ఒక వారం అటక. గంటన్నర పని. తీసేసినవి ఇవ్వాల్సిన వాళ్లకి ఇవ్వడానికి టైం ఉంటుంది, ప్లాస్టిక్కూ ఇనుమూ పాత సామాన్ల కొట్టుకి పోతాయి, భోగి మంటకి కర్రా పిడకా మాత్రమే మిగులుతాయి.

మా చెల్లి విషయంలో చివరికి తేలింది ఇది: ఒక ఎల్‌ఈడీ సెట్టు, డజను ప్రమిదలు, ఒక మూత డబ్బా కొంటుంది. దండలు, స్టిక్కర్లు మానేసింది. వరి కంకులు వాళ్ల మావగారి ఊరి నుంచి వస్తాయట. ఈ బుధవారం పొద్దున్నే గుప్పెడు బియ్యం నానబెట్టమన్నాను, సాయంత్రం మావుసీని వెంటబెట్టుకుని వెళ్తున్నాను.