ర్యాంపు దిగి టీవీకి వెళ్లాలంటే సీరియలా, యాంకరింగా?

పోచంపల్లి, గద్వాల, నారాయణపేట. పేరున్న ఈ మూడు చేనేత చీరలూ పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలవే. అందుకే చీర కట్టుకుని కెమెరా ముందు నిలబడే అమ్మాయిల అవసరం మా వైపు ఎప్పుడూ ఉంటుంది. షాపుల కేటలాగులు, పెళ్లిళ్ల సీజనుకు ముందు వెలిసే హోర్డింగులు, నగల దుకాణాల ప్రకటనలు, ఫోనులో చూసి కొనేవాళ్ల కోసం తీసే వీడియోలు, ఇలా ఏదో ఒక పని తగులుతూనే ఉంటుంది. 2025 మే నెలలో హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు పోటీదారులు పోచంపల్లికి, మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి, నాగార్జునసాగర్ బుద్ధవనానికి కూడా వచ్చి వెళ్లారు. ఆ తరువాత మోడలింగ్ అన్న మాట ఇంట్లో ఎత్తడం కాస్త సులువైందని అమ్మాయిలే చెబుతున్నారు.

ఇలాంటి షూటింగుల్లో చీర కట్టించి కుచ్చిళ్లు సర్దే పని నాది. కొంతకాలం ఫొటోలు దిగిన అమ్మాయి ఎవరైనా, జడలో పూలు తీయించుకుంటూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, టీవీలోకి వెళ్లిపోతే మంచిదంటావా?" వెళ్లడం మంచిదే. అయితే ఏ గుమ్మంలోంచి వెళ్తావన్నది అసలు సంగతి. సీరియల్లో నటించడం వేరు, మైకు పట్టుకుని కార్యక్రమం నడపడం వేరు, వార్తలు చదవడం వేరు. ఉన్నచోటే ఉండి మోడలింగే కొనసాగించడం ఇంకో దారి. నా ఓటు యాంకరింగుకు. కారణం చెప్పాలంటే ముందు మోడల్‌కు అబ్బే విద్య ఏమిటో చూడాలి.

గద్వాల చీరనే తీసుకోండి. చీరంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండు రకాల పోగులనూ మగ్గం మీదే ఒకదానితో ఒకటి పెనవేసి కలుపుతారు. నూలు ఆగి పట్టు మొదలయ్యే ఆ గీత ఫొటోలో స్పష్టంగా కనబడాలని షాపు యజమాని పట్టుబడతాడు, ఎందుకంటే అసలు నేత అని కొనేవాళ్లు నమ్మేది అక్కడే. అందుకని జాకెట్టు వెనుక క్లిప్పులు, కొంగు లోపల పిన్నీసులు పెట్టి, ఎడమ చేతి మీద కొంగు పరిచి ఆమెను నిలబెడతాం. ఇక మోచేయి కదలకూడదు. నవ్వు పెదవుల వరకే ఉండాలి. కళ్లు చికిలిస్తే ఆ ఫొటో పనికిరాదు. ఊపిరి గట్టిగా పీల్చినా కుచ్చిళ్లు చెదురుతాయి. ఒక్క రోజులో ఇలా పదుల చీరలు మారుతాయి. ఈ పనిలో ఆరితేరడమంటే తాను వెనక్కి జరిగి చీరను ముందుకు తేవడం నేర్చుకోవడమే. టీవీ అడిగేది దీనికి పూర్తిగా ఎదురు.

సీరియల్ సంగతికి వద్దాం. బయటినుంచి చూస్తే మోడల్‌కు దగ్గరి బంధువులా కనబడేది ఇదే. చీరలూ నగలూ మేకప్పూ ఇక్కడా ఉంటాయి, ముఖం బాగుంటే ఆడిషన్‌కు పిలుపూ త్వరగానే వస్తుంది. హిందీలో ఇందుకు పెద్ద ఉదాహరణ స్మృతి ఇరానీ. 1998 మిస్ ఇండియా పోటీలో పాల్గొని, 2000లో స్టార్ ప్లస్‌లో మొదలైన ఒక సీరియల్‌లో కోడలి పాత్రతో దేశమంతటా ఇంటి మనిషైపోయారు. ఆ సీరియల్ 2008 దాకా నడిచింది. అలాంటి అదృష్టం పడితే సీరియల్‌ను మించింది లేదు. మోడలింగ్ అంటే ముఖం చిట్లించిన చుట్టాలే సీరియల్లో కనబడగానే "మా అమ్మాయి" అని చెప్పుకుంటారు. ఇది నేను కళ్లారా చూశాను, తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

కానీ లోపల పని తీరు వేరు. సోమవారం నుంచి శనివారం దాకా రోజూ అరగంట స్లాటు నిండాలి. ప్రకటనలు పోను ఇరవై నిమిషాల పైచిలుకు కథ కావాలి. ఉదయం తొమ్మిదికి కాల్షీటు మొదలైతే రాత్రి తొమ్మిది దాకా ఆ ఇరవై నిమిషాల కోసం యూనిట్ అంతా పరుగులు పెడుతుంది. సంభాషణ పేజీ చాలాసార్లు సెట్లోనే చేతికొస్తుంది. దాన్ని బట్టీ పట్టే సమయం ఉండదు. కెమెరా పక్కన నిలబడిన అసిస్టెంట్ డైరెక్టర్ ఒక్కో ముక్కా పైకి చదువుతుంటే నటి అది విని, పెదవి కదిపి, కన్నీరు పెట్టాలి. సెట్లో దీన్నే ప్రాంప్టింగ్ అంటారు. మాట తరువాత డబ్బింగ్‌లో పడుతుంది. ఆ డబ్బింగ్ ఆమే చెబుతుందన్న నమ్మకం లేదు. కన్నడ, మలయాళ అమ్మాయిలు తెలుగు సీరియళ్లలో ప్రధాన పాత్రలు ఇంత సులువుగా చేయగలుగుతున్నారంటే గొంతు వేరొకరిది కావడమే కారణం. తెలుగు వచ్చిన మన అమ్మాయికి ఇందులో కలిసివచ్చేది చాలా తక్కువ. ఇంకా చెప్పాలంటే నల్గొండ యాస వినబడితే "ఇది పాత్రకు నప్పదు" అని ఆమె గొంతునే పక్కన పెట్టేయవచ్చు.

అప్పుడు ఆమె మళ్లీ ఫొటో దగ్గరికే వచ్చినట్టు కదా? కదిలే ఫొటో, అంతే.

డబ్బు లెక్క కూడా చూడాలి. సీరియల్ పారితోషికం రోజు లెక్కన ఉంటుంది. నెలలో ఎన్ని రోజులు పిలిస్తే అన్ని రోజులకే కూలి, అదీ చేతికందేసరికి నెలలు పడుతుంది. చీరలు, జాకెట్లు, గిల్టు నగలు చాలా సీరియళ్లలో నటే కొనుక్కోవాలి. ధనవంతుల ఇంటి కోడలి పాత్ర వస్తే నిజంగా ధనవంతురాలై ఉంటేనే గిట్టుబాటు అవుతుందేమో అనిపిస్తుంది. ఎంతమంది చూశారో చెబుతూ గురువారం వచ్చే టీఆర్పీ లెక్క బాగా లేకపోతే రాత్రి ప్రసారమయ్యే సీరియల్ మధ్యాహ్నానికి జరుగుతుంది, తరువాత ఆగిపోతుంది. మధ్యలో నటిని మార్చడమూ ఇక్కడ మామూలే. నిన్నటి దాకా ఒక ముఖం, ఇవాళ ఇంకో ముఖం, కథ మాత్రం ఆగదు. మరి ముఖమే పెట్టుబడిగా వెళ్లిన అమ్మాయి చేతిలో ఏం మిగిలినట్టు?

యాంకరింగులో మొదలు చాలా నీరసంగా ఉంటుంది. ఇది ముందే చెప్పడం న్యాయం. సంగీత్ వేడుకలు, షాపుల ప్రారంభోత్సవాలు, కాలేజీ వార్షికోత్సవాలు, కేబుల్ ఛానల్‌లో పండగ ప్రత్యేకం. మోడల్‌గా హోర్డింగ్ మీద ముప్పై అడుగుల ఎత్తున కనబడిన అమ్మాయి మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాలు వేదిక మీద, ఎవరూ వినని మైకులో మాట్లాడాల్సి వస్తుంది. చాలామంది ఇక్కడే వెనక్కి తిరుగుతారు. మొదటి కష్టం మాట తడబడటం అనుకుంటాం. నేను చూసినంతలో అది చేతులది. ఫొటోకు నిలబడే అలవాటున్న చెయ్యి మాటతో పాటు కదలదు, నడుము మీదికి పోయి అక్కడే ఉండిపోతుంది. మైకు ఇచ్చిన మరుక్షణం ఆ చెయ్యిని గమనిస్తే ఆమె ఏ వృత్తి నుంచి వచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది.

స్టూడియోకు వెళ్లాక ఇంకో కసరత్తు మొదలవుతుంది. చెవిలో చిన్న మిషను పెడతారు. దాని పేరు టాక్‌బ్యాక్. కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్లు అందులో మాట్లాడుతూనే ఉంటారు. "విరామానికి ముప్పై సెకన్లు", "కెమెరా రెండు వైపు తిరగండి మేడమ్", "అతిథి ఫోను లైనులోకి వచ్చారు". ఇవన్నీ చెవిలో పడుతుండగా ఎదురుగా ఉన్న మనిషితో ఏమీ వినబడనట్టు మాట్లాడాలి. అతిథి మాట సాగదీస్తే నొప్పించకుండా ఆపాలి, కరెంటు పోయి, చదవాల్సిన మాటలు చూపే ప్రాంప్టర్ తెర ఆగితే సొంత మాటతో లాక్కురావాలి. అందం ఇందులో దేనికీ అక్కరకు రాదు. అయితే కెమెరా బెరుకు లేకపోవడం, దీపాల వేడికి తట్టుకోవడం, గంటల తరబడి నిలబడే ఓపిక మోడల్‌కు ముందే ఉంటాయి. మిగిలినవి నేర్చుకుంటే వచ్చేవే.

భాష కూడా నేర్చుకుంటే వచ్చేదే. సుమ కనకాల పుట్టింది కేరళలో, మలయాళీ కుటుంబం. తెలుగు వేదికల మీద ఆమె అంత ధారాళంగా మాట్లాడేవారు ఎవరున్నారు? ఆమె కూడా మొదట్లో సీరియళ్లు చేసినవారే. పేరు నిలిచింది మాత్రం మైకు పట్టుకున్నాక. అనసూయ వార్తలు చదవడంతో మొదలుపెట్టి 2013లో ఈటీవీ హాస్య కార్యక్రమానికి యాంకర్ అయ్యారు, సినిమాల్లో చెప్పుకోదగ్గ పాత్రలు ఆ తరువాత వచ్చాయి. ఇక యాస గురించి సిగ్గుపడాల్సిన రోజులు పోయాయి. 2012లో మొదలైన వీ6 వార్తా ఛానల్‌లో తీన్మార్ వార్తలు తెలంగాణ మాటతోనే ఇంటింటికీ చేరాయి. సీరియల్లో అడ్డుగా నిలిచే పాలమూరు (మహబూబ్‌నగర్) మాట, మైకు ముందు ఆస్తి అవుతుంది.

మోడలింగ్ నుంచి టీవీకి వెళ్లి ఏళ్ల తరబడి నిలిచినవాళ్లను చూస్తే నాకు ఇంకో సంగతి కూడా కనబడుతుంది. అమెరికాలో టైరా బ్యాంక్స్ 2003లో కొత్త మోడళ్లను ఎంపిక చేసే పోటీ కార్యక్రమం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది హైడీ క్లుమ్ దుస్తుల డిజైనర్ల పోటీకి వ్యాఖ్యాత అయ్యారు. చెన్నైలో పుట్టిన పద్మా లక్ష్మి మోడలింగ్ చేస్తూనే 1999లో వంటల పుస్తకం రాశారు, 2006 నుంచి వంటవాళ్ల పోటీకి వ్యాఖ్యాతగా దాదాపు పదిహేడేళ్లు కొనసాగారు. ముగ్గురూ అందగత్తెలే. కానీ ముగ్గురూ తమకు లోతు తెలిసిన విషయం గురించే మాట్లాడారు. టైరాకు నడక తెలుసు, హైడీకి బట్ట తెలుసు, పద్మకు రుచి తెలుసు.

మన అమ్మాయికి ఏం తెలుసు? నిజానికి చాలా తెలుసు, తనకే ఆ సంగతి తెలియదు. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలు చిటికీలు కట్టి రంగులద్దుతారు కాబట్టి పువ్వు అంచులు కాస్త చెదిరినట్టు కనబడతాయని, అచ్చు వేసిన నకిలీలో ఆ చెదురు ఉండదని, చీర తిరగేస్తే గుట్టు బయటపడుతుందని ఒంటి మీద అన్ని చీరలు కట్టిన అమ్మాయికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. పుట్టపాక తేలియా రుమాలు నూలులో ఉండే నూనె వాసన ఆమె ముక్కుకు పరిచయమే. ఏ చీర ఎంత బరువుంటుందో, ఎవరి ఎత్తుకు ఏ అంచు నప్పుతుందో, ఏది రెండు ఉతుకులకే ముడుచుకుంటుందో ఆమెకు తెలుసు. చీరల గురించి టీవీల్లో వచ్చే కార్యక్రమాలు చూడండి. యాంకర్ "వావ్, ఎంత బాగుందో" అనడంతో సరిపెడుతుంది. నేతన్నను ఒక్క సూటి ప్రశ్న అడిగేవాళ్లు లేరు. ఆ ఖాళీ మన మోడళ్లది.

వార్తలు చదవడం గురించి ఎక్కువ చెప్పను. నెల జీతం ఉంటుంది, గౌరవం ఉంటుంది, ఉచ్చారణ చక్కబడుతుంది. తెల్లవారుజాము బులెటిన్ వేస్తే హైదరాబాద్‌లో గది తీసుకోక తప్పదు. యాంకరింగుకు బడిగా ఒకటి రెండేళ్లు పనికొస్తుంది. మోడలింగులోనే ఉండిపోవడం మాత్రం వయసుతో పందెం. పని చేస్తూ చేస్తూ టీవీకి ప్రయత్నించాలి తప్ప, దాన్ని వదిలేసి కాదు. ఫొటో ఎక్కడ వాడతారు, ఎంతకాలం వాడతారు అన్నది కాగితం మీద రాయించుకోండి. లేకపోతే రేపు ఒక నగల షాపు ప్రకటన చేతికొచ్చే సమయానికి పాత షాపువాళ్ల హోర్డింగు అడ్డం వస్తుంది.

దూరం లెక్క కూడా ఉంది, ఇది పట్నంవాళ్లకు తట్టదు. నల్గొండ నుంచి హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు, మహబూబ్‌నగర్ నుంచీ అంతే. కానీ రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ రహదారి మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంది. నల్గొండ, చౌటుప్పల్ అమ్మాయికి అది నగరం చేరకముందే తగులుతుంది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వచ్చే మహబూబ్‌నగర్ అమ్మాయి అక్కడికి చేరాలంటే నగరాన్ని చుట్టిరావాలి. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, నిజమే. రాత్రి తొమ్మిదికి ప్యాకప్ అయ్యాక ఆ బస్సు దొరకాలి కదా. సీరియల్‌కు నెలలో సగం రోజులు ఈ తిరుగుడు తప్పదు. ఈవెంట్ యాంకరింగైతే తేదీ ముందే తెలుస్తుంది, తోడుగా అమ్మో అన్నో రావడానికి వీలుంటుంది.

ఏ దారిలోనైనా అవకాశం ఇప్పిస్తానని ముందుగా డబ్బు అడిగే కో-ఆర్డినేటర్‌ను నమ్మకండి. పనికి మీరు డబ్బు తీసుకోవాలి, ఇవ్వకూడదు.

ఇంత చెప్పి కూడా ఈ మధ్య ఒక అమ్మాయికి సీరియలే చేయమన్నాను. గద్వాల వైపు అమ్మాయి, తండ్రి లేరు, తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు ఆమె మీద ఉంది. కథానాయిక చెల్లెలి పాత్ర, నెలకు ఇన్ని రోజులని మాట ఇచ్చారు. వేదికల మీద పేరు వచ్చేదాకా ఆగే వెసులుబాటు ఆమెకు లేదు. ఒప్పందంలో రెండు వాక్యాలు మాత్రం చేర్పించుకోమన్నాను. డబ్బింగ్‌కు ముందు తన గొంతునే పరీక్షించాలని ఒకటి, కాల్షీటు లేని రోజుల్లో వేరే ఛానల్ సీరియల్ మినహా ఈవెంట్లు చేసుకోవచ్చని ఇంకొకటి. రెండోదానికి ఒప్పుకున్నారట. మొదటిదాని మీద ఇంకా బేరం నడుస్తోంది.