మనకన్నా గట్టివాడితో టెన్నిస్: బాదాలా, నిలబడాలా, ఆట పాడుచేయాలా?

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ కోర్టుకి వెళ్లినా మనల్ని ఓడించేవాళ్లు రెండు రకాలుగా కనిపిస్తారు. ఒకరు అకాడమీలో కోచింగ్ తీసుకుంటున్న ఇంటర్ కుర్రాడు. సర్వీస్ కంటికి ఆనదు, ఫోర్‌హ్యాండ్ కొడితే మన చేతిలో రాకెట్ తిరిగిపోతుంది. ఇంకొకరు రిటైరైన అంకుల్. మోకాలికి బెల్టు, తలకు టోపీ. ఒక్క షాటూ గట్టిగా కొట్టరు, ఒక్క బంతీ వదలరు. అన్నిటినీ స్లైస్ చేసి (బంతిని కింది నుంచి కోసినట్టు కొట్టి) వెనక్కి పంపి, 6-1తో గెలిచి, ‘బాగా ఆడావు బాబూ’ అని భుజం తడతారు.

ఇలాంటివాళ్ల ముందు మనకు మూడు దారులున్నాయి. తెగించి బాదడం ఒకటి. తప్పు చేయకుండా బంతిని తిరిగి పంపుతూ నిలబడటం రెండోది. వేగం, ఎత్తు మారుస్తూ అవతలివాడి ఆట పాడుచేయడం మూడోది. ఏది మేలని అడిగితే చాలామంది తమకు ఏ షాట్ ఇష్టమో చూసుకుని జవాబు చెబుతారు. నేనైతే అవతలివాడు ఎలా గెలుస్తున్నాడో ముందు చూడమంటాను. మనవాళ్లు చేసేది సరిగ్గా తలకిందులు: బాదే కుర్రాడితో ఇంకా గట్టిగా బాదే పోటీకి దిగుతారు, బంతి వదలని అంకుల్‌తో ర్యాలీకి దిగుతారు.

బాదడం వల్ల పనికాదని కాదు. ఫ్రెంచ్ ఓపెన్‌లో అప్పటికి వరుసగా 31 మ్యాచ్‌లు గెలిచి ఉన్న నాదల్‌ను 2009లో స్వీడన్ ఆటగాడు సోడర్లింగ్ అలాగే ఓడించాడు. మన సానియా మీర్జా కూడా 2005లో హైదరాబాద్ ఓపెన్ గెలిచిన కొద్ది వారాలకే దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ ఛాంపియన్ కుజ్నెత్సోవాను 6-4, 6-2తో కొట్టింది. ఆ ఫోర్‌హ్యాండ్ ఆ రోజే పుట్టింది కాదు, ఏళ్ల తరబడి రోజూ కొట్టింది. గట్టివాడు ఎదురుగా ఉన్నాడన్న టెన్షన్‌లో, వారమంతా కొట్టని షాట్‌ను ఆదివారం కొట్టబోతే అది కంచె దాటుతుంది. పైగా కుర్రాడికి కావాల్సిందే వేగం. మనం ఎంత గట్టిగా పంపితే అతనికి అంత తక్కువ శ్రమ.

నిలబడటానికి లెక్కల మద్దతుంది. నెట్ మధ్యలో 3 అడుగులే, చివర్లలో మూడున్నర. సింగిల్స్ కోర్టు పొడవు 78 అడుగులైతే మూల నుంచి మూలకు 82 అడుగుల పైచిలుకు. అంటే క్రాస్ కోర్ట్ (ఐమూలగా) కొడితే నెట్ తక్కువ, చోటు ఎక్కువ. ఇంకో సంగతి: 80 శాతం దాకా సింగిల్స్ మ్యాచ్‌లు గెలిచిన ఫెదరర్, తాను గెలిచిన పాయింట్లు 54 శాతమేనని 2024లో డార్ట్‌మత్ కాలేజీలో చెప్పాడు. అంతటివాడే సగానికి దగ్గరగా పాయింట్లు వదులుకుంటే, ఇంటర్ కుర్రాడు కొన్నయినా ఇవ్వడా? ఇస్తాడు. కాకపోతే మన బంతి అతని వైపు చివరి గీత (బేస్‌లైన్) దగ్గర పడాలి. నెట్‌కి దగ్గరగా సర్వీస్ బాక్స్‌లో పడిందా, ఆ పాయింట్ గురించి మర్చిపోవచ్చు.

ఇదే పద్ధతి అంకుల్ మీద వాడితే తాతకు దగ్గులు నేర్పినట్టే. ఓపికే ఆయన ఆయుధం. ఎండాకాలంలో ఎనిమిది దాటాక అయితే ఇరవై షాట్ల ర్యాలీకి ముందు కూలబడేది మనమే.

ఇక మూడోదానికి 1975 వింబుల్డన్ ఫైనల్‌ను మించిన పాఠం నాకు తెలియదు. జిమ్మీ కానర్స్ అంతకు ముందు ఏడాది ఛాంపియన్. ఆ టోర్నీలో ఫైనల్ దాకా ఒక్క సెట్ ఇవ్వలేదు. ఫైనల్లో ఎదురుపడ్డ ఆర్థర్ ఆష్ అతన్ని అంతవరకూ ఒక్కసారీ ఓడించలేదు. ఆష్ సహజంగా గట్టిగా కొట్టేవాడే. ఆ రోజు మాత్రం కానర్స్‌కి వేగమే ఇవ్వలేదు. ఫోర్‌హ్యాండ్ వైపు కిందగా, మెత్తగా బంతులు వేశాడు. ఎడమచేతి వాటం కానర్స్ బ్యాక్‌హ్యాండ్‌ను కోర్టు బయటికి లాగేలా సర్వీస్ కోసి వేశాడు. నెట్ దగ్గరకు వస్తే తల మీదుగా లాబ్ వేశాడు. 6-1, 6-1, 5-7, 6-4తో గెలిచాడు. మూడో సెట్ పోయినా ఆష్ ప్లాన్ మార్చకపోవడమే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. మనమైతే రెండు గేమ్‌లు పోగానే మళ్లీ బాదుడు మొదలుపెడతాం.

అయితే అది గడ్డి కోర్టు, స్లైస్ నేలను అంటుకుని జారిపోయింది. మన దగ్గర ఎక్కువగా హార్డ్ కోర్టులే. ఎండకి బంతి ఇంకా లేస్తుంది. పైకి తేలిన స్లైస్ కుర్రాడికి లడ్డూ బాల్. కాబట్టి స్లైస్ రానివాళ్లు ఎత్తుగా, లోతుగా టాప్‌స్పిన్ (బంతి ముందుకు తిరుగుతూ పడి పైకి లేచే షాట్) వేసినా సరిపోతుంది. భుజం ఎత్తులో వచ్చిన బంతిని బాదడం పిల్లలకు మహా చిరాకు.

కాబట్టి కుర్రాడితో నా ఓటు రెండోదానికి, మధ్యమధ్యలో మూడోది కలిపి. అంకుల్‌తో అయితే మొదటిదానికే, కానీ బేస్‌లైన్ నుంచి కాదు. ఆయన సెకండ్ సర్వ్ మెత్తగా వస్తుంది, దాన్ని బ్యాక్‌హ్యాండ్ వైపు లోతుగా కొట్టి నెట్ దగ్గరకు వెళ్లిపోవాలి. ఆయన తేలిగ్గా పంపే స్లైస్‌ను నేల తాకనివ్వకుండా వాలీ చేయాలి. లాబ్‌లు వేస్తారు, కొన్ని పోతాయి, పోనివ్వండి. మోకాలి బెల్టున్న పెద్దాయనకు డ్రాప్ షాట్ (నెట్ దాటగానే పడిపోయే మెత్తటి బంతి) వేయొచ్చా అంటే, టోర్నమెంట్‌లో వేస్తాను, ఆదివారం వేయను.

డబుల్స్‌లో ఇంత ఆలోచన అక్కర్లేదు. గట్టివాడిని వదిలేసి అతని పార్ట్‌నర్‌కి కొట్టడమే. మొహమాటానికి ఎవరూ పైకి చెప్పరు గానీ, అందరూ చేసేది అదే.