వానలో ఈకల బాణం: పొడి మేలా, పూత మేలా, ముసుగు మేలా?

తడిసిన ఈకల బాణాన్ని ఒక్కసారి చేతిలోకి తీసుకుని దగ్గరగా చూసినవారికి అసలు ఇబ్బంది ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. పొద్దున గరుకుగా, నిటారుగా నిలిచి ఉన్న ఈక, గంటసేపు జల్లు పడేసరికి నీటిలో ముంచిన కుంచెలాగా ముద్దకట్టి బాణపు కర్రకు అంటుకుపోతుంది. వెనుక గాలిని పట్టి బాణాన్ని సరిదిద్దవలసిన ఈక ఆ పని మానేసింది కాబట్టి, అలాంటి బాణాన్ని వదిలితే తోక అటూ ఇటూ కొట్టుకుంటూ పోయి లక్ష్యంలో ఏటవాలుగా దిగుతుంది. గురి తప్పిందని విలుకాడు తన చేతిని నిందించుకుంటాడు గాని, చాలాసార్లు తప్పు తడిసిన ఈకదే.

ఈ బాధ లేకుండా ప్లాస్టిక్ రెక్కలు పెట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజమైనదే. అయితే సంప్రదాయ విల్లులో బాణం పిడి పైనున్న చిన్న అరుగును గాని, పట్టుకున్న చేతి కణుపును గాని రాసుకుంటూ వెళుతుంది. ఈక అక్కడ తగిలినప్పుడు వంగి, దాటగానే మళ్లీ లేస్తుంది. గట్టి ప్లాస్టిక్ రెక్క మాత్రం తగిలిన చోట బాణాన్ని పక్కకు తన్నేస్తుంది. పైగా అదే కొలత గల ప్లాస్టిక్ రెక్క కంటే ఈక చాలా తేలిక. ప్రపంచ విలువిద్య సమాఖ్య నియమాలలో లాంగ్‌బో (పొడవాటి సంప్రదాయ విల్లు) విభాగానికి సహజమైన ఈకలనే అనుమతిస్తారు. కాబట్టి ఈకతోనే ఉంటూ దాన్ని వాన నుంచి కాపాడుకోవడం ఎలా అన్నదే మన ముందున్న ప్రశ్న.

ఈక నీటిని ఎలా తట్టుకుంటుందో తెలిస్తే సగం తీర్పు అక్కడే వచ్చేస్తుంది. నడిమి ఈనె నుంచి సన్నని పోగులు బయలుదేరతాయి. ఒక్కొక్క పోగుకు మళ్లీ కంటికి ఆనని పిల్లపోగులు, వాటికి సూక్ష్మమైన కొక్కేలు ఉంటాయి. ఈ కొక్కేలు పక్క పోగును పట్టుకుని ఉండడం వల్లనే ఈక ఒక రేకులాగా నిలుస్తుంది. పోగుల సందుల్లో చిక్కుకున్న గాలి మీద నీటిబొట్టు నిలిచి, జారిపోతుంది. నీటిపక్షులు తోక మొదట్లోని గ్రంథి నుంచి నూనె తీసి ముక్కుతో ఈకలకు రాసుకుంటాయన్నది నిజమే. కాని ఆ నూనె ఈక పెళుసుబారకుండా చూసుకుంటుందే గాని, నీటిని ఆపడంలో పెద్ద వంతు ఈ అల్లికదే. బాణానికి అంటించిన ఈకను సవరించడానికి పక్షి ఉండదు. బాణం గడ్డిలోకి దూసుకుపోయిన ప్రతిసారీ, లక్ష్యం నుంచి లాగిన ప్రతిసారీ కొన్ని కొక్కేలు ఊడిపోయి నీటికి దారి ఇస్తాయి. అందుచేత పోగుల మధ్య సందును సందుగానే ఉంచే ఉపాయం మంచిదని, దాన్ని పూడ్చివేసేది చెడ్డదని నేను కొలబద్దగా పెట్టుకున్నాను.

ఆ కొలబద్దకు అన్నిటికంటే బాగా సరితూగేది పొడి. ఇది నీటిని అంటనివ్వకుండా శుద్ధిచేసిన అతి సన్నని సిలికా పొడి. నీటి మీద తేలవలసిన ఈగబొమ్మలతో చేపలు పట్టేవారు ఆ బొమ్మలకు పట్టించేది కూడా ఈ జాతి పొడే. పొడవాటి సంచిలో కొద్దిగా పొడి వేసి, బాణాల ఈకల వైపును అందులోకి దించి, మూతి బిగించి పట్టుకుని కుదిపితే చాలు. బయటికి తీసి కర్రను వేలితో తట్టితే ఎక్కువైనది రాలిపోతుంది. పొడి పట్టించిన ఈకను, పట్టించని ఈకను పక్కపక్కనే పట్టుకుని చుక్క చుక్కగా నీళ్లు పోసి చూశాను. పట్టించని దాని మీద బొట్టు ఒక్క క్షణం ఆగి, పరుచుకుని, పోగుల్లోకి ఇంకి, అక్కడ ఒక నల్లని చార మిగిల్చింది. పొడి ఉన్న దాని మీద అదే బొట్టు పాదరసపు పూసలాగా గుండ్రంగా నిలిచి, బాణాన్ని కాస్త వంచగానే కింద చిన్న తడి కూడా మిగల్చకుండా దొర్లిపోయింది. బరువు పెరగదు, పోగులు అంటుకోవు, ఈక వంగే గుణం చెడదు. రంగు మాత్రం కొద్దిగా పాలిపోయినట్టు కనిపిస్తుంది.

దీనికీ రెండు లోపాలున్నాయి. మొదటిది, ఇది నిలకడైనది కాదు: రాపిడికి, గాలికి రాలిపోతుంది కనుక వాన రోజు మధ్యలో మరొకసారి పట్టించవలసి రావచ్చు. రెండవది, ఈ పొడి ఎంత సన్ననిదంటే సంచి తెరవగానే పొగలాగా లేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకూడదు. ఆరుబయట, గాలికి వీపు పెట్టి, ముక్కుకు మాస్కు కట్టుకునే ఈ పని చేయాలి.

రెండవ ఉపాయం పిచికారీ పూత. గుడారాలకు, బూట్లకు వాడే సిలికోన్ స్ప్రేలను చాలామంది ఈకలకు వాడుతుంటారు. పొడి కంటే ఇది ఎక్కువ కాలం నిలుస్తుంది, తీరికగా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. అయితే పూత మందమైతే పోగులు జతలు జతలుగా అతుక్కుపోయి దువ్వెన పళ్లలాగా విడిపోతాయి. అంటే వాన చేయవలసిన పాడును పూతే ముందుగా చేసిపెడుతుంది. జానెడు దూరం నుంచి, బాణాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ, పలచగా ఒక పొర వేసి, పూర్తిగా ఆరనిచ్చి, తరువాత మరొక పొర వేయడమే సరైన తీరు. ఇంకొక చిక్కు అప్పుడు కాక తరువాత బయటపడుతుంది: సిలికోన్ పడిన కర్ర మీద జిగురు పట్టదు. ఈక పాడై కొత్తది అంటించవలసి వచ్చినప్పుడు ఎంత గీకినా అంచు లేచిపోతూ ఉంటుంది. ఈకల మధ్య కర్రకు కాగితపు పట్టీ అంటించి పిచికారీ చేస్తే ఈ తలనొప్పి చాలావరకు తప్పుతుంది. జుట్టుకు వాడే స్ప్రే మాత్రం వద్దు. అది నీటికి కరిగి జిగటగా మారుతుంది.

మైనం, కొవ్వు, నూనె రాయడం పాత పద్ధతి. పాతది కాబట్టి దానిమీద గౌరవం ఉన్నా, ఈక మీద దాన్ని నేను సమర్థించలేను. అది సందులను పూడ్చుతుంది, బరువు పెంచుతుంది, దుమ్మును పట్టుకుంటుంది. ఆనాటివారి అసలైన తెలివి ఈకను ఎంచుకోవడంలో ఉందనిపిస్తుంది. పెద్దబాతు రెక్క ఈక తడిని మెరుగ్గా తట్టుకుంటుందని విలుకాండ్రు చాలాకాలంగా చెబుతున్న మాట. 1417లో ఇంగ్లండు రాజు అయిదవ హెన్రీ ఒక్కొక్క పెద్దబాతు నుంచి ఆరేసి రెక్క ఈకలు సేకరించమని ఆజ్ఞ ఇచ్చాడు. ఇప్పుడు ఎక్కువగా దొరికే టర్కీకోడి ఈకకు పొడి తోడు మరింత అవసరం.

ఇక ముసుగు. అమ్ములపొదిలో ఈకల మీద కప్పే నీరంటని గుడ్డతొడుగు లేదా సంచి ఇది. ఈకకు ఏదీ పూయనక్కరలేదు, ఖర్చు లేదు, ఒక మైలు నడిచినా జల్లు లోపలికి రాదు. వీపున వేసుకునే పొదిలో ఈకలు ఆకాశానికి ఎదురుగా ఉంటాయి కాబట్టి దానికి ముసుగు తప్పనిసరి. నడుముకు కట్టే పొదిలో మోచేయి, కోటు అంచు కొంత కాపు కాస్తాయి. అయితే ముసుగును బిగించి కట్టకూడదు. తడి తగిలిన ఈకలు ఒకదానినొకటి నొక్కుకుని ఆరితే ఆ వంకరలోనే గట్టిపడతాయి. 1545లో మునిగిపోయిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్ శిథిలాల్లో 24 రంధ్రాలున్న గుండ్రని తోలు బిళ్లలు దొరికాయి. ఒక్కొక్క రంధ్రంలో ఒక్కొక్క బాణం దూర్చితే ఈకలు ఒకదానినొకటి తాకకుండా ఎడంగా నిలిచేవి. ఈ రోజు పొదిలో బాణాలు కుక్కేవారు ఆ బిళ్లను గుర్తుచేసుకోవాలి. ముసుగు చేయలేనిది ఒక్కటే: బాణం పొది దాటిన తరువాత, తడి గడ్డిలో పడిన తరువాత, అది ఏ సాయమూ చేయలేదు.

అందుచేత ఒక్కదాన్నే ఎంచుకోమంటే, నడక ఎక్కువ, బాణం వేయడం తక్కువ అయిన రోజున నేను ముసుగునే పట్టుకుంటాను. నాలుగైదు గంటలు వరుసగా బాణాలు వేయవలసిన మైదానంలో పొడి లేకుండా బయలుదేరను. వారాల తరబడి తడి వదలని ప్రాంతంలో ఉండేవారికి, ఈకలు అంటించేటప్పుడే పలచని పూత వేసుకుని, పైన అవసరమైనప్పుడు పొడి పట్టించుకోవడం నచ్చవచ్చు. నాకైతే మళ్లీ ఈక అంటించే రోజు గుర్తొచ్చి పూత మీద చేయి వెళ్లదు.

ఇంత చేసినా ఈక తడిస్తే, వేళ్లతో నలపకుండా బాణాన్ని విదిలించి, విడివిడిగా నిలబెట్టి గాలికి ఆరనివ్వాలి. ఆరిన తరువాత కూడా వంకర మిగిలితే మరుగుతున్న నీటి ఆవిరిలో కొన్ని క్షణాలు తిప్పితే చాలు. పడుకున్న పోగులు కళ్లముందే ఒక్కొక్కటిగా లేచి తమ చోటికి వస్తాయి. ఆవిరి తడి పూర్తిగా పోయేదాకా, వీలైతే ఒక రాత్రి ఆగి, ఆ తరువాతే మళ్లీ పొడి పట్టించాలి. చెమ్మ మీద వేసిన పొడి ఉండలు కట్టి రాలిపోతుంది.