పాత జీఎస్ఎక్స్-ఆర్ 750కి వెనుక 160 టైరు: చాలాకాలం నడిపాక నా మాట

నాది 1986 సుజుకి జీఎస్ఎక్స్-ఆర్ 750. కంపెనీ ఇచ్చిన వెనుక టైరు 140/70-18, అంటే వెడల్పు 140 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ వ్యాసం 18 అంగుళాలు. దాని చక్రం తీసేసి, తర్వాతి తరం సుజుకి చక్రం, 4.5 అంగుళాల వెడల్పున్న 17 అంగుళాలది ఎక్కించి 160/60-17 రేడియల్ టైరు వేశాను. టైరు అరిగి, మార్చి, మళ్లీ అరిగేంత కాలం నడిపాను. ముందే చెప్పేస్తాను, మార్చినందుకు చాలా సంతోషంగా ఉన్నాను, కానీ ఆ సంతోషంలో ఎక్కువ భాగం వెడల్పు వల్ల వచ్చింది కాదు, 18 పోయి 17 రావడం వల్ల వచ్చింది.

ఎందుకంటే స్పోర్ట్ బైకులన్నీ 17 అంగుళాలకి మారి చాలా ఏళ్లయింది, మంచి టైర్లన్నీ ఆ సైజులోనే తయారవుతున్నాయి. 18లో దొరికేవి తక్కువ, వాటిలోనూ స్పోర్ట్ రైడింగ్ కోసం చేసినవి ఇంకా తక్కువ. చక్రం మార్చాక వానలో బ్రేకు మీద కాలు పెట్టినప్పుడు, మలుపు మధ్యలో థ్రాటిల్ తెరిచినప్పుడు బండి మీద వచ్చిన నమ్మకం మామూలుది కాదు, ఆ నమ్మకం కొత్త రబ్బరుది. టైరు రోడ్డుని తాకే చోటు, అంటే రోడ్డుని పట్టుకునే మచ్చ, ఎంత పెద్దదనేది ముఖ్యంగా దాని మీద పడే బరువు, టైరులో గాలి ఒత్తిడి తేలుస్తాయి. వెడల్పు పెరిగితే ఆ మచ్చ అడ్డంగా సాగి నిలువుగా కుదించుకుపోతుంది, అంతే.

వెడల్పుకి మనం కట్టే మూల్యం కూడా ఉంది. టైరు వెడల్పయ్యే కొద్దీ వంగినప్పుడు ఆ మచ్చ బండి మధ్యగీత నుంచి ఇంకాస్త పక్కకి జరుగుతుంది కాబట్టి అదే స్పీడులో అదే మలుపు తిరగడానికి ఇంకొంచెం ఎక్కువ వంచాలి. లెక్క వేస్తే 40 డిగ్రీల వంపు దగ్గర 140కి, 160కి తేడా దాదాపు ఒక డిగ్రీ, 180 అయితే దాదాపు రెండు. చూడటానికి చిన్న అంకెలే, చేతులకి మాత్రం బాగా తెలుస్తుంది. ఎడమ నుంచి కుడికి చకచకా మార్చాల్సిన చోట 140 మీద ఉన్న చురుకుదనం 160 మీద లేదు, హ్యాండిల్‌ని ఇంకాస్త గట్టిగా నెట్టాలి. పొడవాటి, స్పీడు మలుపుల్లో మాత్రం బండి ముందుకంటే నిలకడగా, గీత గీసినట్టు పోతుంది, అది నాకు బాగా నచ్చింది.

పాత సన్న రిమ్ మీదే వెడల్పాటి టైరు ఎక్కించేద్దాం అనేవాళ్లకి గట్టిగా చెబుతున్నాను, వద్దు. రిమ్ రెండు అంచులూ టైరుని లోపలికి నొక్కేస్తాయి, పైన టైరు ఆకారం (ప్రొఫైల్) గూనిలా లేస్తుంది, బండి నిటారు నుంచి వంపులోకి ఒక్కసారిగా పడిపోయినట్టు దిగుతుంది, టైరు అంచులు రోడ్డుని తాకనే తాకవు. 160/60కి సరైన రిమ్ 4.5 అంగుళాలు, 180/55కి 5.5. టైరు కంటే ముందు రిమ్ సంగతి చూసుకోవాలి.

ఇక బిగింపు. కష్టమంతా ఇక్కడే, రిమ్ స్వింగ్‌ఆర్మ్‌లో (వెనుక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చేయి) పట్టిందా లేదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. యాక్సిల్ (చక్రం మధ్యలోంచి పోయే ఇరుసు) మందం చక్రం బేరింగ్ లోపలి కొలతకి సరిపోవాలి, లేకపోతే బయటి కొలత అదే ఉండి లోపలి కొలత సరిపోయే బేరింగ్ వెతకాలి. రెండు వైపులా స్పేసర్లు (ఖాళీ నింపే గొట్టపు ముక్కలు) లేత్ మీద కొత్తగా చేయించాలి, అప్పుడే వెనుక చక్రం ముందు చక్రంతో ఒకే వరుసలోకి వస్తుంది. దారం కట్టి రెండు వైపులా కొలవండి, కంటితో చూసి సరిపోయింది అనుకోకండి. తర్వాత చైన్ లైన్, అంటే ముందు, వెనుక స్ప్రాకెట్లు (చైన్ తిరిగే పళ్ల చక్రాలు) ఒకే గీతలో ఉండటం. వెడల్పు టైరుకి చైన్ తగలకుండా వెనుక స్ప్రాకెట్‌ని బయటికి జరిపితే ముందు స్ప్రాకెట్ కూడా అంతే జరగాలి. ముందు ఆఫ్‌సెట్ స్ప్రాకెట్ (పళ్లు పక్కకి జరిపి చేసినది) వేస్తే గేర్‌బాక్స్ షాఫ్ట్ స్ప్లైన్ల (షాఫ్ట్ మీది గాడుల) మీద నిండుగా కూర్చుందో లేదో చూడాలి, ఎంత బయటికి జరిగితే అక్కడి బేరింగ్ మీద అంత భారం. చైన్‌కి, టైరుకి మధ్య వేలు సులువుగా దూరేంత ఖాళీ ఉంచాను, ఎందుకంటే స్పీడులో టైరు కొద్దిగా ఉబ్బుతుంది, చైన్ ఊగుతుంది. ఇప్పటికీ చైన్ శుభ్రం చేసిన ప్రతిసారీ లోపలి ప్లేట్లు ఒకవైపే మెరుస్తున్నాయా అని చూస్తాను, మెరిస్తే లైన్ తప్పినట్టే. వెనుక బ్రేకు కాలిపర్‌ని పట్టుకునే టార్క్ ఆర్మ్ కూడా వంకర లేకుండా సూటిగా కూర్చోవాలి, దాని బోల్టు మీద పడే బలం తక్కువేం కాదు, ఏదో ఒక ఇనప ముక్కతో సర్దేసే పని కాదది.

చాలామంది పట్టించుకోనిది ఎత్తు. 140/70-18 వ్యాసం కాగితం మీద 653 మిల్లీమీటర్లు, 160/60-17ది 624. అంటే వెనుక భాగం దాదాపు 15 మిల్లీమీటర్లు కిందికి దిగింది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కోణం అర డిగ్రీ పైగా వెనక్కి వాలింది, స్టీరింగ్ బద్ధకించడానికి వెడల్పుతో పాటు ఇదీ కారణమే. వెనుక షాక్ అబ్జార్బర్ వైపు ఎత్తు పెంచి ఆ 15 తిరిగి తెచ్చాక బండి మళ్లీ మలుపులోకి ఇష్టంగా దిగడం మొదలుపెట్టింది. షాక్‌కి, స్వింగ్‌ఆర్మ్‌కి మధ్య మీటల లింకేజీ ఉంది కాబట్టి షాక్ దగ్గర కావాల్సింది అందులో కొంతే. గేరింగ్ కూడా నాలుగున్నర శాతం దాకా పొట్టిదవుతుంది, అదే స్పీడుకి ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది. వెనుక స్ప్రాకెట్లో రెండు పళ్లు తగ్గించాను, సరిపోయింది.

180 వేయమని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు, వెనుక నుంచి చూస్తే బాగుంటుందని. చూపుకి బాగుంటుంది, నిజమే. కానీ ఈ స్వింగ్‌ఆర్మ్‌లో దానికి చోటు చేయాలంటే చైన్ చాలా బయటికి పోవాలి, ఈ ఇంజన్ బలానికి అంత టైరు అక్కర్లేదు కూడా. నేను 160 దగ్గరే ఆగుతాను.

ఇంకా మిగిలింది ముందు చక్రం. అదింకా 18 మీదే ఉంది, 110/80. అక్కడ 120/70-17 వేస్తే ముందు కూడా 16, 17 మిల్లీమీటర్లు దిగుతుంది, స్పీడోమీటర్ కేబుల్ ముందు హబ్ నుంచే వస్తుంది కాబట్టి ముల్లు ఐదు శాతం పైనే ఎక్కువ చూపిస్తుంది. అయినా టైర్ల కోసం అదీ చేస్తాను, దానికి కావాల్సిన స్పేసర్ల కొలతలు తీస్తున్నాను.