కీ తిప్పే టైమరు: పనికి కూర్చోబెడుతుంది, విరామం దగ్గరే జాగ్రత్త

ఈ టైమరులో నాకు ప్రాణం లాంటిది ఒక్కటే, చేత్తో కీ తిప్పడం. కరకరమంటూ తిరిగి, చెయ్యి వదలగానే టిక్‌టిక్ మొదలవుతుంది. ఆ చప్పుడు వినిపిస్తుంటే ఇక లేవబుద్ధి కాదు. ఫోన్లో ఉచితంగా ఉన్నదానికి మళ్లీ డబ్బులెందుకని మావారు అడిగారు. ఫోను చేతిలోకి తీసుకుంటే టైమరుకన్నా ముందు వాట్సాప్ తెరుస్తాం, ఎవరి సంగతైనా అంతే. దీంట్లో తెరవడానికి ఏమీ లేదు.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే కూర్చుని ఆటోనగర్‌లోని స్పేర్ పార్టుల షాపులకు లెక్కలు రాస్తాను. కొనుగోలు బిల్లులు కట్టలుగా వస్తాయి. వాటి మీద గ్రీజు వేలిముద్రలు, అలికేసిన కార్బన్ కాపీలు, 37తో మొదలయ్యే జీఎస్టీ నంబరులో ఐదంకో ఎస్ అక్షరమో తేలని గీతలు. ఆ కట్ట చూస్తేనే నీరసం వస్తుంది. ప్రతి నెలా 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20న పన్ను లెక్క తేల్చి కట్టే 3బి రిటర్నులు వెయ్యాలి. పన్ను కట్టాల్సిన రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము. అయినా ఆ భయం ఆఖరి రెండు రోజుల్లోనే పని చేయించేది, అంతకు ముందు అన్నీ రేపు చూద్దాంలే రోజులే.

పొమొడోరో పద్ధతి చాలామందికి తెలిసిందే. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమరుతో మొదలుపెట్టాడు. 25 నిమిషాల పని, 5 నిమిషాల విశ్రాంతి. కట్ట మొత్తం పూర్తి చెయ్యాలంటే చెయ్యి కదలదు కానీ పాతిక నిమిషాలేగా అంటే కదులుతుంది. ఈ ఒక్క విషయంలో టైమరుకు నేను నిజంగా రుణపడి ఉన్నాను. పరీక్షలకు చదువుకుంటున్న మా పిన్ని కూతురి దగ్గర్నుంచి కింది వాటా వాళ్ల దాకా అందరితో ఇది కొనిపించాను.

అలా నమ్మిన వస్తువే ఒకసారి 10వ తేదీ సాయంత్రం దెబ్బ కొట్టింది. పాతిక నిమిషాలు బాగా నడిచాయి. విశ్రాంతికి ఐదు మీద పెట్టి, డాబా మీద బట్టలు తేవడానికి వెళ్లాను. దిగి వచ్చాక గంట కోసం చూస్తూ బట్టలు మడతపెట్టాను. ఈలోగా పక్కింటి అత్తయ్యగారు వచ్చారు. కబుర్లయ్యాక పొయ్యి మీద పప్పు పెట్టాను. గంట మోగనే లేదు. వచ్చి చూస్తే ముల్లు సున్నాకు వెంట్రుకవాసి ముందు ఆగిపోయి ఉంది. అప్పటికే ఎనిమిది దాటింది. మర్నాడు పొద్దున్నుంచీ షాపు యజమాని ఫోన్లు, నాకు ఊపిరాడలేదు.

స్ప్రింగు పోయిందనుకుని వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. వెనక మూత తీసి, భూతద్దం పెట్టుకుని చూశారు. “దీనికి జబ్బేం లేదమ్మా. ఐదు మీదకే తిప్పితే స్ప్రింగు బిగుసుకోదు, గంట కొట్టే బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? ముందు ఇరవై దాటేదాకా తిప్పు, తర్వాత వెనక్కి ఐదు మీదకి తీసుకురా” అన్నారు. “డబ్బా మీద ఆ ముక్క లేదు బాబాయ్‌గారూ” అంటే, నా చేతే రెండుసార్లు తిప్పించి చూపించారు. డబ్బులు తీసుకోలేదు. అంతటి ముఖ్యమైన సంగతి ఒక్క వాక్యమైనా అచ్చు వెయ్యని కంపెనీ మీద నాకింకా కోపం పోలేదు. పని ఆగిపోయేది సరిగ్గా ఆ ఐదు నిమిషాల దగ్గరే. మొదలుపెట్టడం ఒక ఎత్తు, లేచినవాళ్లు మళ్లీ కూర్చోవడం ఇంకో ఎత్తు. ఇప్పుడు విశ్రాంతప్పుడు టైమరును చేత్తోనే పట్టుకెళ్తున్నాను.

అందరికీ చెప్పినంత గొప్పగా ఇప్పుడు చెప్పను. బిల్లులు ఎక్కించడానికి ఇది భేషు. రావాల్సిన ఫీజు అడగడానికి షాపుకు ఫోను చెయ్యాలంటే మాత్రం టిక్‌టిక్ నడుస్తూనే ఉంటుంది, నేను బల్ల తుడుస్తూ ఉంటాను. వాయిదా వెయ్యడం టైము సర్దుకోలేకపోవడం వల్ల కాదు, ఇబ్బంది పెట్టే పని నుంచి ఆ క్షణానికి మనసు తప్పించుకోవడం వల్ల అని మనస్తత్వ పరిశోధకులు ఫ్యూషియా సిరోయిస్, తిమోతి పిచిల్ 2013లో రాశారు. నా ఫోన్ల విషయంలో అది అక్షరాలా నిజం. వాటికి పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త చెప్పిన దారి పనికొచ్చింది, ఫలానాది జరగగానే ఫలానాది చేస్తానని ముందే ముడిపెట్టుకోవడం. పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టగానే మొదటి ఫోను ఫీజు కోసమే.

మా పిల్లలు పెద్దవాళ్లయ్యారు, మధ్యాహ్నాలు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి నాకు కుదిరింది. పసిపిల్లలు నిద్రపోయే గదిలో ఈ చప్పుడు పనికిరాదు. మా పిన్ని కూతురు లైబ్రరీలో పెట్టుకోలేక తిరిగి ఇచ్చేసింది. మే నెలలో కూలరు హోరులో పక్క గదిలోకి గంట వినపడదు. నేనైతే మళ్లీ ఇదే కొంటాను. 20న వెయ్యాల్సిన రిటర్నులు ఈమధ్య 18కే వెళ్లిపోతున్నాయి, అదీ షాపుల వాళ్లు బిల్లులు టైముకు పంపిన నెలల్లోనే.