హాజ్‌కిన్ బొమ్మకు ద్వారకానగర్‌లో కట్టించిన ఫ్రేము

లండన్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు తెచ్చిన, బ్రిటిష్ చిత్రకారుడు హోవర్డ్ హాజ్‌కిన్ చిత్రం అచ్చు ప్రతికి గత నెల విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక చిన్న దుకాణంలో ఫ్రేము కట్టించాను. పని చక్కగా కుదిరింది; అందుకు ముందు ఆ దుకాణం పెద్దాయనకు చిత్రకారుని గురించి కాస్త చెప్పవలసి వచ్చింది.

1932లో లండన్‌లో పుట్టి 2017లో అక్కడే కన్నుమూసిన హాజ్‌కిన్ ఎక్కువగా చెక్క మీదనే చిత్రించాడు. ఎన్నో చిత్రాలలో ఆయన రంగు ఫలకం దగ్గర ఆగక చుట్టూ ఉన్న ఫ్రేము మీదికి కూడా పరుచుకుంటుంది. నా ప్రతిలో అంచున కనిపించే మందపాటి కుంచె దెబ్బలు అటువంటివే. పెద్దాయన అలవాటు చొప్పున వాటిని మౌంటు బోర్డుతో, అంటే బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్టతో, కప్పబోయారు. అంచు పోతే బొమ్మే పోతుందని చెప్పగానే మౌంటును వెనక్కి జరిపి, తనంత తానే ఫ్రేముకు సన్నని సాదా టేకు బీడింగు (చెక్క పట్టీ) ఎంచారు. ఆయన పనితనానికి నేను ఎక్కువ మార్కులు వేసేది ఆ ఎంపికకే.

"ఇందులో బొమ్మ ఏదండీ?" అని ఆయన అడిగారు. తనను అమూర్త చిత్రకారుడని, అంటే గుర్తుపట్టే రూపాలేవీ లేని బొమ్మలు గీసేవాడని, పిలవడం హాజ్‌కిన్‌కు నచ్చేది కాదని, ఒక విందు, ఒక వాన తన మనసులో మిగిల్చిన అనుభూతినే గీస్తున్నానని ఆయన అనేవాడని చెప్పాను. 'రెయిన్' అనే ఒక్క చిత్రానికే 1984 నుంచి 1989 దాకా పట్టింది. 1985లో ఆయనకు బ్రిటన్‌లో కళాకారులకిచ్చే పేరున్న టర్నర్ బహుమతి వచ్చింది. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది మన దేశంతో ఆయన అనుబంధం: 1964లో తొలిసారి వచ్చి, తరువాత పదేపదే వస్తూ, మన పాత దర్బారు చిత్రాలను జీవితమంతా సేకరించాడు. ఢిల్లీ బ్రిటిష్ కౌన్సిల్ భవనం ముఖద్వారం మీద ఆయన రూపొందించిన మహావృక్షం తెల్లని మక్రానా పాలరాయి, నల్లని కడప రాయితో చేసినదే. కడప మాట వినగానే పెద్దాయన ముఖం వెలిగింది. "మన వంటగట్టు రాయేనా అండీ!" అన్నారు.

మూడు రోజులన్న పని తొమ్మిది రోజులు పట్టడం, వెనుక వైపు టేపు సరిగా అంటించకపోవడం లోపాలే. సముద్రపు గాలికి కాగితం చెమ్మగిల్లి బూజు పట్టే ఊరు కనుక, గాజుకూ బొమ్మకూ నడుమ ఖాళీ ఉంచమని, వెనుక పూర్తిగా మూయమని మొదటే చెప్పాలి. నేను చెప్పగా రెండోసారి డబ్బు అడగకుండా సరిచేశారు. మొత్తం 1,650 రూపాయలైంది. గాజు మాత్రం మెరుపు కొట్టనిది అడగండి. నేను మామూలుది తీసుకోవడంతో కిటికీ వెలుగు పడి, బొమ్మ నడుమనున్న ఎరుపు సాయంత్రం దాకా కనబడటం లేదు.